వేటకి వెళ్ళినవాడు వేటతో తిరిగి రాడెందుకు?

పాతపుస్తకం · జూన్ 8, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. పది రోజులుగా మనుచరిత్ర మళ్ళీ చదువుతున్నాను. వరూధినీ ప్రవరుల దగ్గరే ఆగిపోవడం మనలో చాలామందికి అలవాటు. ఈసారి ఆగకుండా, వరూధిని కొడుకు స్వరోచి వేట దాకా వెళ్ళాను. ఎరుకులు, వలలు, కుక్కలు, కేకలు... పెద్దన అడవినంతా కదిలించేశాడు. ఇంత హడావిడీ అయ్యాక కథకి అక్కరకొచ్చింది మాత్రం పందీ కాదు, పులీ కాదు. రాక్షసుడు వెంటపడుతుంటే కాపాడమని ఏడుస్తూ పరుగెత్తుకొచ్చిన మనోరమ. తరమడానికి వెళ్ళినవాడు, పారిపోయి వస్తున్న మనిషికి అడ్డంగా నిలబడాల్సి వచ్చింది.

పుస్తకం మూసి పడుకుంటే నిద్ర పట్టలేదు. గుర్తొచ్చిన కథలన్నీ ఒకే దారిలో పోతున్నాయి. దశరథుడు సరయూ తీరంలో చీకట్లో మాటు వేసి, కుండ మునుగుతున్న చప్పుడు విని ఏనుగు నీళ్ళు తాగుతోందనుకుని బాణం వేశాడు. పాండురాజు లేడి జంటని కొట్టాడు, అది లేడి కాదు, కిందముడనే ముని. పరీక్షిత్తు వేటలో దాహమేసి శమీకుడి ఆశ్రమానికి వెళ్ళాడు, చచ్చిన పాముని ముని మెడలో వేసి ఏడు రోజుల శాపం తెచ్చుకున్నాడు. దుష్యంతుడు లేడిని తరుముతూ పోయి కణ్వాశ్రమంలో తేలాడు. రాముడు బంగారు లేడి వెనక వెళ్ళాడు, తిరిగొచ్చేసరికి పర్ణశాల ఖాళీ.

వెళ్ళిన పని వెళ్ళినట్టు చేసుకుని, మాంసంతో ఇంటికొచ్చి, పొయ్యి వెలిగించిన వేటగాడు మన సాహిత్యంలో ఎక్కడైనా ఉన్నాడా? లేకపోతే ఎందుకు లేడు? మీకు తోచింది రాయండి.

మిరుగం · జూన్ 8, రాత్రి 10.25

పాతపుస్తకం గారూ, మీరు ఈ మాట ఎత్తింది మృగశిర కార్తె నాడు! మా కరీంనగర్ వైపు మిరుగం అంటాం. ఇవాళ మా ఇంట్లో చేపల పులుసు. మిరుగం నాడు చేప ముక్క తినకుండా పడుకుంటే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందు కోసం జనం బారులు తీరేది కూడా ఈ కార్తెకే.

మృగశిర అంటే లేడి తల. ఆకాశంలోనూ వేటే నడుస్తోంది. ప్రజాపతి తన కూతురి వెంటే లేడి రూపంలో పడ్డాడని, ఆ తప్పు ఆపడానికి రుద్రుడు బాణం వేశాడని ఐతరేయ బ్రాహ్మణంలో కథ. ఆ కూతురు రోహిణి అయింది, కొట్టినవాడు మృగవ్యాధుడయ్యాడు. చలికాలం రాత్రి బయటికొచ్చి చూడండి. వరసగా మూడు చుక్కలు కనిపిస్తాయి కదా, అవే లేడికి గుచ్చుకున్న బాణం. అక్కడ కూడా వేటగాడు కూడు కోసం వెళ్ళలేదు. మీ లెక్కలో ఇదీ వేసుకోండి.

ఇంకోటి. మా దగ్గర యాట అంటే మేక, గొర్రె. "బోనాలకు యాటను కోసినం" అంటారు. చిన్నప్పుడు యాట వేరు, వేట వేరు అనుకునేవాణ్ణి. ఇంటర్ చదివేటప్పుడు అమలాపురం దోస్త్ ఒకడు "మా ఇంట్లో ఆదివారం వేట మాంసం" అన్నాడు. అడవికి పోయి కొట్టుకొస్తారా అని అడిగితే, కాదురా, సంతలో కొన్నదే అన్నాడు. వేప మా నోట్లో యాప అయినట్టే వేట యాట అయిందని ఆ రోజు తెలిసింది. అడవిలో తరిమేదీ వేటే, ఇంటి ముందు గుంజకు కట్టేసి, ఆకు మేపి, పేరు పెట్టి పిలిచి, పండుగ నాడు కోసేదీ వేటే. ఒక్క పదంలో పనీ, ప్రాణీ రెండూ ఉన్నాయి. ఇది నాకు చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది.

ఉప్పాడ కెరటం · జూన్ 9, ఉదయం 6.15

నమస్తే అండి. నేను ఇక్కడ ఎప్పుడూ చదవడమే గానీ రాయలేదు. ఈ ప్రశ్న చూసి ఆగలేకపోయాను.

మాది కాకినాడ దగ్గర చేపలు పట్టే కుటుంబం. మా ఇంట్లో వేట అంటే ఒక్కటే అర్థం. "నాన్న ఏడీ?" అంటే "వేటకెళ్ళాడు." "ఎలా ఉంది?" అంటే "వేట లేదు." ప్రస్తుతం వేట నిషేధం నడుస్తోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మరబోట్లు కడలిలోకి వెళ్ళకూడదు. ఆ 61 రోజులూ మా వీధిలో మగవాళ్ళందరూ వలలు బాగుచేసుకుంటూ, అరుగుల మీద కూర్చుని ఉంటారు. పచారీ కొట్లో ఖాతా పెరుగుతూ ఉంటుంది.

పాతపుస్తకం గారూ, మీరు చెప్పిన కథలన్నీ రాజులవి. వాళ్ళు లేడిని పట్టకపోయినా ఆ పూట అన్నం ఉంటుంది. అందుకే వాళ్ళ వేటలో శాపాలు, ప్రేమలు, అమ్మాయిలు దొరుకుతాయి. మా అమ్మ ఒడ్డున నిలబడి, దూరంగా పడవ కనిపించగానే అది నీళ్ళలో ఎంత కిందికి కూర్చుందో చూస్తుంది. అంచు నీటికి దగ్గరగా ఉంటే బుట్ట సర్దుకుంటుంది. పడవ తేలిపోతూ వస్తుంటే ఏమీ మాట్లాడదు. నాన్న దిగాక ఎన్ని కిలోలు అని అడగదు కూడా. డీజిల్, ఐసు డబ్బులు ఎవరి దగ్గర సర్దుకోవాలో ఆలోచిస్తూ ఇంటికి నడుస్తుంది. ఖాళీ చేతులతో రావడం మీకు కథగా కనిపించడం నాకు కొంచెం బాధగా ఉంది. తప్పుగా అనుకోవద్దు.

పాతపుస్తకం · జూన్ 9, రాత్రి 8.50

అమ్మా కెరటం, తప్పేం లేదు. పొద్దున మీ పోస్టు చదివి ఆఫీసులో పని మీద ధ్యాస పెట్టలేకపోయాను. మీరన్నది నిజం. మన నీతిశాస్త్రాలు కూడా రాజుకి చెప్పిన సప్తవ్యసనాల్లో జూదం, పానం పక్కనే వేటని కూర్చోబెట్టాయి. ఆకలితో వెళ్ళేవాడి పనిని వ్యసనం అని ఎవరూ అనలేదు. రాజుకి వ్యసనం, బోయకి బతుకు. నేను ఆ తేడా చూడకుండా అడిగాను.

మీరన్న మాటని మన కథల్లో ఒక ప్రాణి అడిగింది. శిబి దగ్గరికొచ్చిన డేగ. పావురాన్ని కాపాడుతున్నావు సరే, నా కూడు లాగేసుకుంటే నేనూ నా పిల్లలూ చస్తాం, అది ధర్మమా అంటుంది. చిన్నప్పుడు మనకి పావురమే కనిపించేది, డేగ విలన్. ఇప్పుడు చదివితే ఆ డేగ మాటకి శిబి దగ్గర జవాబు లేదు. లేదు కాబట్టే తొడ కోసి త్రాసులో వేశాడు. పల్నాడులో నరసరావుపేట దగ్గర చేజెర్ల కపోతేశ్వరాలయం ఈ కథ జరిగిన చోటేనని అక్కడివాళ్ళ నమ్మకం. ఆ గుడి గర్భాలయం వెనకవైపు గుండ్రంగా, ఏనుగు వీపులా ఉంటుంది. ఒకప్పటి బౌద్ధ చైత్యం. పావురం పేరుతో గుడి ఉంది. డేగకి ఎక్కడా లేదు.

ఇంకో చిన్న బొమ్మ పెడతాను. హాలుడి గాథాసప్తశతిలో ఒక వేటగాడు విల్లెక్కుపెట్టి లేడి జంట ముందు నిలబడతాడు. ఆడలేడి మగదానికి అడ్డం వస్తుంది, మగలేడి ఆడదానికి అడ్డం వస్తుంది. అతనికి కళ్ళు నిండి, విల్లు జారిపోతుంది. రెండు వేల ఏళ్ళ నాటి మాట, నాలుగు ముక్కల్లో. అతను రాజు కాదు, బోయే.

ఉప్పాడ కెరటం · జూన్ 9, రాత్రి 9.30

చాలా బాగుందండి. రెండుసార్లు చదివాను. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం వండుకున్నారా అని మాత్రం నా మనసులో ఉండిపోయింది.

జాడ · జూన్ 10, మధ్యాహ్నం 1.05

బడిలో తెలుగు చెబుతాను కాబట్టి నా చూపు మాటల మీదే పడుతుంది.

మనం వేట మానేసి ఎన్ని తరాలయినా, మన నోరు మానలేదు. ఈ వారం పేపర్లు ముందు పెట్టుకుని కూర్చున్నాను. కొలువుల వేట. నిందితుల కోసం గాలింపు. ఏసీబీ వలలో అధికారి. ఓటరుకి ఎర. పక్కా స్కెచ్, ఉచ్చులో పడ్డ వ్యాపారి. గురి తప్పని బౌలర్. మాటు వేసి దాడి. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు. ఇంట్లో మొండిగా వాదించేవాణ్ణి చూసి "తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అంటాం. ఒకరి మీదికి ఇంకొకర్ని ఉసిగొల్పడం అంటాం, ఉసికో ఉసికో అని కుక్కని వదిలిన పిలుపే అది. పెద్దవాళ్ళ అడుగుజాడల్లో నడవమంటాం. అడుగుజాడ అంటే మొదట మెత్తటి మట్టిలో దిగబడ్డ గిట్ట గుర్తు. దాన్ని చదవడం వచ్చినవాడు ఎటు పోయింది, ఎంతసేపయింది, కుంటుతోందా అన్నీ చెప్పేవాడు.

సంస్కృతం వైపు చూస్తే ఇంకా లోతుంది. మృగ అన్న మాటలోనే వెతకడం ఉంది. మార్గం అంటే మొదట మృగం నడిచిన బాట. మార్గణం అంటే బాణం, వెతకడం కూడా. మృగ్యం అంటే వెతకదగినది. మనం తెలుగులో "ఆ ఊళ్ళో మంచినీళ్ళు మృగ్యం" అంటే అస్సలు దొరకవని! వెతకాల్సి వచ్చిందంటే లేనట్టే లెక్క. పాతపుస్తకం గారి ప్రశ్నకి సగం జవాబు ఈ ఒక్క మాటలో ఉందేమో.

మిగతా సగం మన తెలుగు క్రియల్లో ఉంది. వేట ఆడితే వేటాడు, వెంట ఆడితే వెంటాడు. లేడిని వేటాడతాం. జ్ఞాపకాలు మనల్ని వెంటాడతాయి. దశరథుడు ఆ కుర్రవాణ్ణి కొట్టి ఎన్నో ఏళ్ళయింది, రాముడు అడవికి వెళ్ళాక ఒక అర్ధరాత్రి కౌసల్యకి ఆ సంగతి చెప్పుకుని ఏడ్చాడు, తెల్లవారేసరికి లేడు. వేటాడింది ఒక్క రాత్రి. వెంటాడింది బతుకంతా.

కాళిదాసు నాటకం మొదట్లో దుష్యంతుడి రథం ముందు పరుగెత్తే లేడిని ఓసారి తలుచుకోండి. మెడ తిప్పి తిప్పి వెనక్కి చూస్తుంది. ఆయాసంతో తెరుచుకున్న నోట్లోంచి సగం నమిలిన దర్భలు దారి పొడుగునా రాలుతుంటాయి. రాజు కళ్ళు లేడి మీద ఉన్నాయి. కవి కళ్ళు ఆ రాలిన గడ్డి మీద ఉన్నాయి.

అరకు మాస్టారు · జూన్ 10, రాత్రి 7.45

కెరటం గారి మాటకి మా కొండల నుంచి సాక్ష్యం చెబుతాను. అల్లూరి జిల్లాలో 16 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఇక్కడ ఏప్రిల్ వచ్చిందంటే ఇటుకల పండగ. చైత్రంలో వస్తుంది కాబట్టి చైత్ర పండగ అని కూడా అంటారు. విత్తనాల పండగ, వేట పండగ రెండూ అదే. మగవాళ్ళు విల్లమ్ములు, బరిసెలు పట్టుకుని గుంపుగా కొండెక్కుతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా దుంగ వేసి, వచ్చే పోయే బండ్లు ఆపి, పాట పాడి పండగ డబ్బులు తీసుకుంటారు. మొదటిసారి నా బండి ఆపినప్పుడు కంగారుపడ్డాను. ఇప్పుడు చిల్లర జేబులో పెట్టుకునే బయల్దేరతాను.

అసలు సంగతి సాయంత్రం. వేటకెళ్ళినవాళ్ళు ఏదైనా తెస్తే డప్పులతో ఎదురెళ్తారు, ఊరంతా పంచుకుంటారు. ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు కలిపి సిద్ధంగా ఉంటారు! మీద చల్లి, వెక్కిరించి, పాటలు కట్టి పరువు తీస్తారు. అంతా నవ్వుల్లోనే జరుగుతుంది, కానీ తడిసినవాడి మొహం చూస్తే అది ఉత్త నవ్వు కాదని తెలుస్తుంది. మరి ఇక్కడ వేటగాడికి ఖాళీ చేతులంటే శాపమూ కాదు, ప్రేమా కాదు, పేడనీళ్ళు.

ఇప్పుడు అడవిలో జంతువులు తగ్గాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సంగతీ అందరికీ తెలుసు. నాకు తెలిసిన ఊళ్ళో రెండేళ్ళుగా కొండెక్కి, చెట్ల కింద కూర్చుని, దిగి వచ్చేస్తున్నారు. పేడనీళ్ళు మాత్రం ఆగలేదు. నా క్లాసులో పిల్లవాడు "మాస్టారూ, పట్టకూడదని మీరే చెబుతారు, పట్టలేదని మా అమ్మ తిడుతుంది, మా నాన్న ఏం చెయ్యాలి?" అని అడిగాడు. వాడికి ఇంకా జవాబు చెప్పలేదు.

డాలస్ అమ్మ · జూన్ 11, ఉదయం 8.10

ఇక్కడ ఆదివారాలు పిల్లలకి తెలుగు చెప్పేటప్పుడు అరణ్యకాండ దగ్గరికొచ్చాం. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. "రాముడు లేడిని తరిమాడా, లేడి రాముణ్ణి లాక్కెళ్ళిందా?" అని అడిగింది. తరిమాడు అని చెప్పేసి వంటింట్లోకి వచ్చాను గానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. జాడ గారూ, మీరైతే ఏం చెబుతారు?

జాడ · జూన్ 11, రాత్రి 9.00

పాపని నా తరఫున దగ్గరికి తీసుకోండి. ఆ అడిగిన దానికి మన భాషలో సరిగ్గా ఒక మాట ఉంది. దీమం. పాత కావ్యాల్లో దీమపు లేడి అని వస్తుంది. మచ్చిక చేసి పెంచిన జంతువుని అడవిలో వదిలి, దాన్ని చూసి మిగతావి దగ్గరికి రాగానే పట్టుకోవడం. ఎరలా తినేది కాదు, తన జాతిదే. మా రాయలసీమ పల్లెల్లో కౌజు పిట్టని పంజరంలో పెట్టి పొదల దగ్గర వదిలేవారు. అది కూస్తే, నా చోటికి ఎవడొచ్చాడని అడవి కౌజులు పోట్లాటకి వచ్చేవి, పక్కనే ఉచ్చులు. చిన్నప్పుడు ఒక ముసలాయన దగ్గర ఆ పంజరం చూశాను. ఎండ తగలకుండా గుడ్డ కప్పి, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు చంకలో పెట్టుకుని నడిచేవాడు.

మారీచుడు దీమం. రావణుడు వదిలిన దీమపు లేడి. దీమం కూసినట్టే అతనూ చివర్లో "హా సీతా, హా లక్ష్మణా" అని రాముడి గొంతుతో అరిచాడు. ఆ కూతకే లక్ష్మణుడు కదిలాడు. ఆ రోజు పంచవటిలో వేటాడింది రావణుడు. రాముడి చేతిలో విల్లుంది గానీ వేట అతనిది కాదు. పాప సరిగ్గానే పట్టుకుంది.

పెన్నేటి ఒడ్డు · జూన్ 12, ఉదయం 7.20

లేపాక్షి మాట ఇంకా ఎవరూ ఎత్తలేదేమిటి! 16వ శతాబ్దంలో, అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయం. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి ఫోటో దిగి వెళ్ళిపోతారు. తలెత్తండి. పైకప్పు మీద కిరాతార్జునీయం ఉంది. శివుడు ఎరుకువేషంలో, ఎదురుగా అర్జునుడు, నడుమ పందిరూపంలో మూకాసురుడు. ఎర్రమట్టి రంగులు చాలాచోట్ల వెలిసిపోయాయి. ఆ నల్లటి గీత మాత్రం ఇప్పటికీ పదునుగా ఉంది. పంది వీపు మీద నిక్కబొడుచుకున్న వెంట్రుకలు చూడటానికి నేను అరగంట నేల మీద వెల్లకిలా పడుకున్నాను, గుడి కాపలాదారు వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

ఆ కథలో గొడవంతా దేని గురించి? పంది ఎవరిది అని. రెండు బాణాలూ తగిలాయి. నాదంటే నాది. మా తాత వాళ్ళు శనగ చేలల్లో పడే పందుల్ని ఊరంతా కలిసి తరిమిన కాలం గురించి చెప్పేవాడు. మొదటి బాణం తగిలించినవాడికి తల, కుక్కలు తెచ్చినవాడికి ఒక వాటా, అరవడానికి వచ్చిన పిల్లలక్కూడా ఒక ముక్క. వాటా తెగకపోతే ఊళ్ళో తలలు పగిలేవి. కాబట్టి శివార్జునుల తగువు మా తాతకి పురాణంలా వినిపించేది కాదు, ఊరి పంచాయతీలా వినిపించేది. అర్జునుడికి చివరికి పాశుపతం దొరికింది. పంది ఎవరికి పోయిందో ఎవరూ చెప్పరు. ఈ ఒక్క సంగతి తాత జీవితాంతం అడుగుతూనే ఉన్నాడు.

నల్లమల దారి · జూన్ 12, సాయంత్రం 6.30

నేను అహోబిలం పారువేట గురించి రాస్తాను. కనుమ నాడు మొదలై నలభై రోజులకి పైగా నడుస్తుంది. ఎగువ అహోబిలం జ్వాలా నరసింహుడు, దిగువ అహోబిలం ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకీలో చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతారు. పేరుకి వేట. చేసే పని పెళ్ళిపిలుపు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి స్వామి చెంచులకి అల్లుడు, తన కల్యాణానికి అందర్నీ స్వయంగా పిలవడానికి బయల్దేరతాడు.

ఈ ఏడు జనవరిలో వెళ్ళాను. పల్లకీ కదిలే ముందు ఇద్దరు చెంచులు విల్లు ఎక్కుపెట్టి పల్లకీ వైపే బాణాలు వేశారు. నా పక్కన నిలబడ్డ పెద్దావిడని ఇదేంటమ్మా అని అడిగితే, "మా పిల్లని ఎత్తుకుపోయినోడు గదా నాయనా, మరి ఊరికే పోనిస్తామా" అంది. తర్వాత ఆ విల్లు పట్టినవాళ్ళే పల్లకీకి కాపలాగా నడిచారు. వేటగాళ్ళ బాణం దేవుడికే ఎక్కుపెట్టి, దించి, దండం పెట్టి, పక్కన నడవడం. పల్లకీ ఏ ఊరు చేరితే ఆ ఊరివాళ్ళు తమదే పెళ్ళిల్లు అన్నట్టు ముగ్గులేసి కూర్చున్నారు. పాతపుస్తకం గారూ, మీ ప్రశ్నకి ఇక్కడ తిరగబడ్డ జవాబు ఉంది. ఈ వేటలో పట్టుకోవడం లేదు, పిలవడం ఉంది.

పారు అంటే పరుగెత్తు, పరుగు వేట కాబట్టి పారువేట అని మా పెద్దలు చెబుతారు.

తిరుచానూరు · జూన్ 12, రాత్రి 10.00

నల్లమల గారూ, తమిళంలో పరివేట్టై అంటారు. పరి అంటే గుర్రం. గుర్రమెక్కి ఆడే వేట అని ఇటువైపు అర్థం చెబుతారు, నాకు అదే సరిగ్గా తోస్తుంది. తిరుమలలో కూడా కనుమ నాడే పార్వేట. మలయప్పస్వామి పార్వేట మండపానికి వేంచేస్తారు, స్వామి తరఫున అర్చకులు ఈటె విసురుతారు. ఒక్క ప్రాణికీ దెబ్బ తగలదు.

నల్లమల దారి · జూన్ 12, రాత్రి 10.20

తిరుచానూరు గారూ, అహోబిలంలో పల్లకీయే, గుర్రం లేదు. నడిచేవాళ్ళూ పరుగెత్తేవాళ్ళే. నేను పరుగు వైపే ఉంటాను.

మిరుగం · జూన్ 13, మధ్యాహ్నం 2.15

అందరం తిరుగుతున్నాం గానీ పాతపుస్తకం గారు అడిగిన మనిషిని ఇంకా ఎవరూ చెప్పలేదు. మాంసంతో తిరిగొచ్చి పొయ్యి వెలిగించిన వేటగాడు ఒకడున్నాడు. తిన్నడు.

పాల్కురికి సోమన బసవపురాణంలో చెప్పాడు, ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో ఇంకా విస్తారంగా చెప్పాడు. ఉడుమూరు బోయపల్లె పిల్లవాడు, పంది వెంటపడి పోయి లింగాన్ని చూశాడు. అక్కడి దాకా మిగతా కథల్లాగే ఉంది, ఒకటి తరమబోతే ఇంకొకటి ఎదురైంది. ఆ తర్వాత దారి మారింది. శాపం తగల్లేదు, విల్లు జారిపోలేదు. ఈ అడవిలో ఒంటరిగా ఉన్నాడు, ఎవరు పెడతారు, ఎప్పుడు తిన్నాడో అని బెంగపడ్డాడు. వేటాడి తెచ్చి, కాల్చి, ఏ ముక్క మెత్తగా ఉందో కొరికి చూసి, బాగున్నదే దొప్పలో పెట్టాడు. పూలు తలలో తురుముకుని, నీళ్ళు నోట్లో పట్టుకుని వెళ్ళాడు.

కెరటం చెల్లీ, మీ అమ్మ బుట్ట సర్దుకున్నట్టే అతను దొప్ప సర్దుకున్నాడు. మన పుస్తకాల్లో వేటని తిండిగా చూసిన చోటు నాకు ఇదొక్కటే గట్టిగా కనిపిస్తుంది. ఆ తిండి కూడా తనకి కాదు.

పాతపుస్తకం · జూన్ 13, రాత్రి 9.15

మిరుగం గారూ, నా ఎదురుగా అలమరాలో ధూర్జటి ఉన్నాడు. నేను అడిగేటప్పుడు అటు చూడనే లేదు. స్వరోచి దగ్గర మొదలుపెట్టాను కాబట్టి రాజులే గుర్తొచ్చారు. మనుచరిత్ర చివర్లో కూడా స్వరోచి పందికి గురిపెడితే ఆడలేడి ఒకటి వచ్చి, దాన్నెందుకు, ఆ బాణం నా మీద వెయ్యి అంటుంది. ఇవాళ మళ్ళీ తీసి చదివాను. లేడి మాట్లాడిందని మొన్నటిదాకా ఆశ్చర్యపోయేవాణ్ణి. ఈసారి, అతను విన్నాడని ఆశ్చర్యమేసింది. అంత అరుపుల్లో, కుక్కల మధ్య!

కెరటం, రేపటితో నిషేధం అయిపోతుంది కదమ్మా. నాన్నగారు బయల్దేరుతున్నారా?

ఉప్పాడ కెరటం · జూన్ 14, రాత్రి 11.10

బయల్దేరుతున్నారండి. అర్ధరాత్రి దాటాక పడవ దించుతారు. మధ్యాహ్నం కొబ్బరికాయ కొట్టి, పడవ ముక్కుకి పసుపు రాశాం. ఐసు ఎక్కించారు. ఒడ్డంతా లైట్లు, తిరణాలలా ఉంది.

సాయంత్రం నాన్న వల మడత పెడుతుంటే పక్కన కూర్చుని ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. రాజుల కథలప్పుడు ఊఁ కొట్టాడంతే. దీమం దగ్గర ఆపి ఇంకోసారి చదవమన్నాడు. తిన్నడి దగ్గరికొచ్చేసరికి చేతిలో పని ఆపేశాడు. "నీళ్ళు నోట్లో పట్టుకెళ్ళాడా?" అన్నాడు. అవునన్నాను. కాసేపు ఆలోచించి, "ఒక చేతిలో విల్లు, ఒక చేతిలో మాంసం. ఇంక చెయ్యెక్కడుంది మరి" అని మళ్ళీ వల మడత పెట్టుకున్నాడు.